మేఘాల మాటున నేలను చూచే కన్ను – రాడార్ ఉపగ్రహాల నిర్వహణ

దక్షిణాది నుండి హౌరాకు పోయే రైలు మార్గంలో, గమ్యానికి ఏడెనిమిది కిలోమీటర్ల ముందు వచ్చే స్టేషను సంత్రాగాఛి. హుగ్లీ నదికి పశ్చిమాన, హౌరా నగరంలో ఉన్న ఈ ప్రాంతం కోల్‌కతా మహానగర పరిధిలోనిది. విజయవాడ, విశాఖపట్నం, ఖరగ్‌పూర్‌ల మీదుగా వచ్చే తెలుగు ప్రయాణికులకు ఇది పరిచితమైన పేరే. ఈ స్టేషనును ఆనుకొని సుమారు 32 ఎకరాల చెరువు ఒకటి ఉన్నది. స్థానికులు దానిని ఝీల్ అంటారు. ప్రతి శీతకాలంలోను వేలాది నీటిపక్షులు అక్కడికి చేరుతాయి. వాటిలో అధిక భాగం బెంగాలీలు ‘సరాల్’ అని పిలిచే చిన్న ఈలబాతులు. వానకాలంలో ఆ నీటిపై గుర్రపుడెక్క దట్టంగా అల్లుకుంటుంది. శీతకాలం రాకముందే దానిని చాలవరకు తొలగించి, పక్షులు వాలడానికి వీలుగా కొంత భాగాన్ని తేలే తిప్పల వలె మిగల్చడం అక్కడి ఆనవాయితీ.

ఆ చెరువులో నీరు ఎంత మేర కనిపిస్తున్నది, గుర్రపుడెక్క ఎంత మేర కమ్ముకున్నది, వానలకు చుట్టుపట్ల ఎంత నేల మునిగినది అన్న ప్రశ్నలు చూడటానికి చిన్నవి. కాని ఇవే ప్రశ్నలను హౌరా జిల్లా అంతటికి, దామోదర నది ఒడ్డున ఉన్న ఆమ్తా, ఉదయనారాయణ్‌పూర్ ప్రాంతాలకు వేసినప్పుడు అవి ప్రాణసమస్యలు అవుతాయి. ఏ గ్రామానికి పడవ పంపాలి, ఏ పొలంలో నాట్లు నిలిచాయి, ఏ రహదారి తెగింది అన్న నిర్ణయాలన్నీ వాటి సమాధానాలపైననే ఆధారపడి ఉంటాయి.

చిక్కు ఏమంటే, ఈ సమాచారం అత్యవసరమైన రోజులలోనే ఆకాశం మూసుకొని ఉంటుంది. మామూలు ఉపగ్రహ కెమెరా సూర్యకాంతిలో భూమిని చూస్తుంది. మేఘం అడ్డు వస్తే దానికి కనిపించేది మేఘమే. గంగా మైదానపు దిగువ భాగంలో జూన్ నుండి అక్టోబరు దాకా నిర్మలమైన ఆకాశం దొరకడం అరుదు. ఈ కొరతను తీర్చడానికి పుట్టినవే రాడార్ ఉపగ్రహాలు. అయితే ఉపగ్రహాన్ని కక్ష్యలో నిలిపినంత మాత్రాన ప్రజలకు ప్రయోజనం సిద్ధించదు. దానిని ప్రతిదినం ఎట్లా నడుపుతారు, అది పంపిన సంకేతాలను ఎవరు అందుకుంటారు, వాటిని ఎంత త్వరగా పటంగా మారుస్తారు అన్నదే అసలు విషయం. దీనికి తార్కాణం బెంగాల్ చరిత్రలోనే ఉన్నది.

1978 నేర్పిన పాఠం

1978 సెప్టెంబరు చివరి వారంలో పశ్చిమ బెంగాల్‌పై కుండపోతగా వర్షం కురిసింది. దామోదర, కంసావతి మొదలైన నదులు గట్లు దాటాయి. హౌరా, హుగ్లీ, మేదినీపూర్ జిల్లాలలో విశాలమైన భూభాగాలు జలమయమయ్యాయి. కలకత్తా నగర వీథులు సైతం నీట మునిగాయి. స్వాతంత్ర్యానంతరం ఆ రాష్ట్రం చవిచూచిన మహా విపత్తులలో అది ఒకటి.

సరిగ్గా అదే సమయంలో భూమిని పరిశీలించే మొట్టమొదటి పౌర రాడార్ ఉపగ్రహం అంతరిక్షంలో తిరుగుతూ ఉన్నది. అమెరికా అంతరిక్ష సంస్థ నాసా 1978 జూన్ నెలాఖరున ప్రయోగించిన ఆ ఉపగ్రహం పేరు సీశాట్. సముద్రాల పరిశీలన దాని ముఖ్యోద్దేశం. మేఘాలను దాటి చూడగల శక్తి దానికి ఉన్నది. అయినను బెంగాల్ వరద పటమేదీ దాని నుండి రాలేదు. కారణం సులభంగా బోధపడుతుంది. సీశాట్ రాడార్ సేకరించిన సమాచారాన్ని ఉపగ్రహంలోనే భద్రపరచే సాధనం లేదు. ఉపగ్రహం ఏదైనా భూకేంద్రానికి కనుచూపు మేరలో ఉన్నప్పుడే చిత్రం తీసి, అప్పటికప్పుడు నేలకు పంపవలసి ఉండేది. అటువంటి కేంద్రాలు అమెరికాలోను, కెనడాలోను, బ్రిటన్‌లోను మాత్రమే ఉండేవి. భారతదేశంలో ఒక్కటీ లేదు. 1978 అక్టోబరు 10న విద్యుత్ వ్యవస్థలో ఏర్పడిన లోపం వల్ల సీశాట్ మూగబోయింది. అది పనిచేసిన కాలం సుమారు మూడున్నర నెలలు మాత్రమే.

మేఘాలను దాటగల కన్ను పైన ఉండి కూడా క్రింద ఉన్నవారికి ఉపయోగపడలేదు. విద్యుత్తు, జ్ఞాపకసాధనం, భూకేంద్రం, సమాచారాన్ని సంస్కరించే నిపుణులు అన్న నాలుగింటిలో ఏది లోపించినా రాడార్ ఉపగ్రహం నిరుపయోగమవుతుంది. ఆ తరువాతి కాలంలో భారతదేశం నిర్మించుకున్నది ఈ నాలుగింటినే. మరుసటి సంవత్సరం, 1979లో, నేటి తెలంగాణలోని షాద్‌నగర్ వద్ద జాతీయ దూర సంవేదన సంస్థ భూకేంద్రం ల్యాండ్‌శాట్ ఉపగ్రహ చిత్రాలను అందుకోవడం ఆరంభించింది. అవి కాంతితో తీసిన చిత్రాలే. అయినను తరువాత వచ్చిన రాడార్ చిత్రాలకు కావలసిన పునాది అక్కడ పడింది.

మేఘాలను దాటే తరంగాలు

రాడార్ సూర్యునిపై ఆధారపడదు. అది తానే రేడియో తరంగాలను పంపి, నేలను తాకి మరలివచ్చిన ప్రతిధ్వనిని గ్రహిస్తుంది. కనుక దానికి పగలు, రాత్రి అన్న భేదం లేదు. మేఘంలోని నీటి బిందువు వ్యాసం మిల్లీమీటరులో వందవ వంతు పరిమాణంలో ఉంటుంది. కాంతి తరంగాలు ఇంతకంటె చాలా పొట్టివి. అందువల్ల అవి బిందువులకు తగిలి చెల్లాచెదరవుతాయి. రాడార్ ఉపగ్రహాలు వాడే సూక్ష్మతరంగాల పొడవు కొన్ని సెంటీమీటర్లు. వాటి దృష్టిలో మేఘబిందువు గణనకు రాదు. పెద్ద అలకు చిన్న గులకరాయి అడ్డు కానట్లే, అవి మేఘాన్ని దాటిపోతాయి. అయితే తరంగం పొట్టిదైన కొద్దీ, అనగా మూడు సెంటీమీటర్ల దరిదాపులలో, భారీ వర్షపు చినుకులు కొంతవరకు ఆటంకం కలిగించగలవు.

ఈ తరంగాల తొలి పరిశోధనలలో కొన్ని హుగ్లీ నదికి ఆవలి ఒడ్డుననే జరిగాయన్నది స్మరించదగిన విషయం. కలకత్తా ప్రెసిడెన్సీ కళాశాలలో ఆచార్యుడైన జగదీశ చంద్ర బోసు 1890 దశకంలో మిల్లీమీటర్ల పొడవు గల విద్యుదయస్కాంత తరంగాలను ఉత్పత్తి చేశారు. అవి గోడలను దాటి పోయి, ఆవలి గదిలో గంటను మ్రోగించగలవని కలకత్తా పురమందిరంలో బహిరంగంగా ప్రదర్శించారు. తరంగాలను ఒక దిశకు మళ్ళించే కొమ్ముబూర వంటి సాధనాన్ని, వాటిని గుర్తించే స్ఫటిక గ్రాహకాన్ని ఆయన ఉపయోగించారు. ఆ తరువాత 1949లో ఆచార్య శిశిర కుమార మిత్ర కృషితో కలకత్తా విశ్వవిద్యాలయంలో రేడియో భౌతిక, ఎలక్ట్రానిక్స్ అధ్యయన సంస్థ వెలసింది. రేడియో విజ్ఞానానికి ఆ నగరం మనదేశంలో ఒక పుట్టినిల్లు.

ఆరు మీటర్ల ఆంటెన్నా పన్నెండు కిలోమీటర్ల పని చేసే విధం

భారత అంతరిక్ష పరిశోధన సంస్థ 2012లో ప్రయోగించిన రీశాట్-1 ఉపగ్రహాన్ని ఉదాహరణగా తీసుకుందాము. దాని ఎత్తు సుమారు 536 కిలోమీటర్లు. దాని ఆంటెన్నా పొడవు 6 మీటర్లు, వెడల్పు 2 మీటర్లు. తరంగదైర్ఘ్యం సుమారు 5.6 సెంటీమీటర్లు. ఉపగ్రహం నేరుగా క్రిందికి గాక, ఒక ప్రక్కకు వాలుగా చూస్తుంది. నేరుగా క్రిందికి చూస్తే ఎడమవైపున, కుడివైపున సమాన దూరంలో ఉన్న స్థలాల ప్రతిధ్వనులు ఒకేసారి వచ్చి కలగాపులగం అవుతాయి.

వాలు చూపులో నేల దాదాపు 650 కిలోమీటర్ల దూరంలో ఉంటుందనుకుంటే, తరంగం పోయి రావడానికి సెకనులో వెయ్యింట నాలుగు వంతులకు కొంచెం పైగా పడుతుంది. ఇక ఆరు మీటర్ల ఆంటెన్నా నుండి వెలువడిన పుంజం నేలను చేరేసరికి, ఉపగ్రహం పయనించే దిశలో, సుమారు 6 కిలోమీటర్ల మేర విస్తరిస్తుంది. అంటే సంత్రాగాఛి స్టేషను, చెరువు, చుట్టుప్రక్కల పేటలన్నీ కలిసి ఒకే చుక్కగా కనిపిస్తాయి. మూడు మీటర్ల వివరం కావాలంటే, మామూలు పద్ధతిలో, సుమారు 12 కిలోమీటర్ల పొడవైన ఆంటెన్నా కావాలి. సంత్రాగాఛి నుండి హౌరా వరకు పరచినా అది ఇంకా మిగులుతుంది. అంతటి దానిని అంతరిక్షంలోకి తీసుకొనిపోవడం అసాధ్యం.

ఈ సమస్యకు 1951లో అమెరికన్ ఇంజనీరు కార్ల్ వైలీ ఒక పరిష్కారం కనుగొన్నాడు. స్టేషనులోకి వస్తున్న రైలు కూత హెచ్చు స్థాయిలోను, దాటిపోతున్న రైలు కూత తగ్గు స్థాయిలోను వినిపిస్తుంది. దీనిని డాప్లర్ ప్రభావం అంటారు. ఉపగ్రహం సెకనుకు ఏడున్నర కిలోమీటర్ల వేగంతో పోతున్నప్పుడు, ముందున్న స్థలం నుండి వచ్చే ప్రతిధ్వని పౌనఃపున్యం కొంచెం హెచ్చుగా, వెనుకబడిన స్థలం నుండి వచ్చేది కొంచెం తక్కువగా ఉంటుంది. ఒకే స్థలం నుండి వేర్వేరు క్షణాలలో వచ్చిన ప్రతిధ్వనులను క్రమం తప్పకుండా దాచి, ఈ భేదాల ఆధారంగా గణించి కలిపితే, ఉపగ్రహం పయనించిన దారి అంతా ఒకే పొడవైన ఆంటెన్నా వలె పనిచేస్తుంది. దీనికే కృత్రిమ ద్వారపు రాడార్ అని పేరు.

ఇక్కడ ఒక ముఖ్యమైన విషయం గ్రహించాలి. ఉపగ్రహం పంపేది చిత్రం కాదు. సెకనుకు వేల చొప్పున వచ్చే ప్రతిధ్వనుల చిట్టా. దానిని చిత్రంగా మార్చేది నేలమీద జరిగే గణన. ఉపగ్రహం ప్రతి క్షణంలో ఎక్కడ ఉన్నది, ఏ వైపు ఎంత వాలినది అన్న లెక్క ఏమాత్రం తప్పినా చిత్రం మసకబారుతుంది. కక్ష్యను కొలవడం, సరిదిద్దడం నిర్వహణలో నిత్యకృత్యాలు కావడానికి ఇదే హేతువు.

చిత్రంలో సంత్రాగాఛి

రాడార్ చిత్రంలో తెలుపు, నలుపు అన్నవి రంగులు కావు. తిరిగివచ్చిన శక్తి యొక్క హెచ్చుతగ్గులు. నిశ్చలమైన నీరు అద్దం వంటిది. వాలుగా వచ్చిన తరంగాన్ని అది ఆవలివైపుకే మళ్ళిస్తుంది. ఉపగ్రహానికి దాదాపు ఏమీ తిరిగి రాదు. కనుక చెరువులో తేటగా ఉన్న నీటి భాగం నల్లగా కనిపిస్తుంది. గుర్రపుడెక్క కమ్మిన భాగంలో ఆకులు, కాడలు తరంగాన్ని అన్ని దిశలకు వెదజల్లుతాయి. అందులో కొంత వెనుకకు రావడం వల్ల ఆ భాగం బూడిద వన్నెలో కనిపిస్తుంది. ప్రక్కనే ఉన్న రైల్వే యార్డులో పట్టాలు, వ్యాగన్లు, షెడ్ల గోడలు నేలతో కలిసి మూలలుగా ఏర్పడతాయి. నేలను తాకిన తరంగం గోడను తాకి తిన్నగా వచ్చిన దారినే మరలుతుంది. కాబట్టి యార్డు మిరుమిట్లు గొలిపే తెలుపుగా ఉంటుంది.

తరంగం ఊగే దిశను ధ్రువణం అంటారు. నిలువుగా ఊగుతూ పోయిన తరంగం నున్నని నీటిని తాకితే నిలువుగానే ఉంటుంది. ఆకుల గుంపులో అనేక పర్యాయాలు తగిలితే దానిలో కొంత భాగం అడ్డంగా ఊగడం మొదలుపెడుతుంది. ఈ రెండు భాగాలను విడివిడిగా కొలవగలిగితే, గాలికి అలలు రేగిన నీటికి, గుర్రపుడెక్క కమ్మిన నీటికి గల తేడాను గుర్తించడానికి వీలవుతుంది. రీశాట్-1 వృత్తాకార ధ్రువణంతో తరంగాన్ని పంపి, నిలువు, అడ్డం దిశలలో విడివిడిగా స్వీకరించే విధానాన్ని కూడా వాడింది.

వరి పొలాన్ని కూడా ఇదే సూత్రంతో గుర్తిస్తారు. బెంగాల్‌లో ఆమన్ వరి నాట్లు జూలై, ఆగస్టు నెలలలో పడతాయి. అప్పుడు మడిలో నీరు నిలిచి ఉంటుంది కనుక పొలం నల్లగా కనిపిస్తుంది. మొక్క దుబ్బు కట్టిన కొద్దీ క్రమంగా తెల్లబడుతుంది. ఒక్క చిత్రంలో మడిని, చెరువును వేరు చేయడం కష్టం. కొన్ని వారాల వ్యవధిలో తీసిన మూడు నాలుగు చిత్రాలను పోల్చితే, నల్లగానే ఉండిపోయినది చెరువని, తెల్లబడినది పైరని తేలుతుంది. దేశంలో పంటల అంచనాలను సిద్ధం చేసే మహలనోబిస్ జాతీయ పంట అంచనా కేంద్రం 2012లో ఢిల్లీలో ఏర్పడింది. ఖరీఫ్ వరి విస్తీర్ణానికి అది రాడార్ చిత్రాలపై ఆధారపడుతుంది. కోల్‌కతాలో 1931లో భారత గణాంక సంస్థను స్థాపించిన ప్రశాంత చంద్ర మహలనోబిస్ పేరే ఆ కేంద్రానికి పెట్టారు.

ఏది చూడాలి, ఏది విడవాలి

కాంతితో చూచే కెమెరా వచ్చిన వెలుగును స్వీకరిస్తే చాలు. రాడార్ తన వెలుగును తానే పుట్టించుకోవాలి. అందువల్ల దానికి విద్యుత్తు చాలా ఎక్కువగా కావాలి. రీశాట్-1 ఆంటెన్నాలో తరంగాలను పంపే, స్వీకరించే చిన్న ఘటకాలు 288 ఉండేవి. అవన్నీ ఒక్కసారిగా పనిచేస్తే వేడి పుడుతుంది, బ్యాటరీ తరిగిపోతుంది. కనుక ఒక్కొక్క పరిభ్రమణంలో రాడార్‌ను కొన్ని నిమిషాలు మాత్రమే నడపగలరు. ఉపగ్రహం భూమిని ఒకసారి చుట్టడానికి సుమారు 95 నిమిషాలు పడుతుంది. మిగిలిన కాలమంతా అది విద్యుత్తును కూడబెట్టుకుంటూ ఉంటుంది.

ఈ కారణం చేతనే రాడార్ ఉపగ్రహాలలో చాలావాటిని సంధ్యాకక్ష్యలో నిలుపుతారు. భూమధ్యరేఖను అవి స్థానిక కాలమానం ప్రకారం ఉదయం 6 గంటలకు, సాయంత్రం 6 గంటలకు దాటుతాయి. పగటికి, రాత్రికి నడుమ ఉన్న సరిహద్దు రేఖ వెంబడి తిరగడం వల్ల వాటి సౌరఫలకాలపై దాదాపు ఏడాది పొడవునా ఎండ పడుతూనే ఉంటుంది.

విద్యుత్తు తరువాతి ప్రశ్న విస్తీర్ణానిది. రీశాట్-1 మూడు మీటర్ల వివరంతో చూచినప్పుడు సుమారు 25 కిలోమీటర్ల వెడల్పు గల పట్టీని మాత్రమే చిత్రించగలిగేది. 25 మీటర్ల వివరంతో చూస్తే పట్టీ వెడల్పు 115 కిలోమీటర్లు. 50 మీటర్ల వివరంతో చూస్తే 223 కిలోమీటర్లు. సూక్ష్మంగా చూస్తే విశాలంగా చూడలేము. విశాలంగా చూస్తే సూక్ష్మం పోతుంది. సంత్రాగాఛి చెరువు మూడు మీటర్ల చిత్రంలో సుమారు 14,000 గడులుగా ఉంటుంది. గుర్రపుడెక్క తిప్పలు, వాటి నడుమ నీటిపాయలు విడివిడిగా తెలుస్తాయి. 25 మీటర్ల చిత్రంలో అదే చెరువు సుమారు 200 గడులకు కుదించుకుపోతుంది. 50 మీటర్ల చిత్రంలో దాదాపు 50 గడులే మిగులుతాయి.

దామోదర నది పొంగిన రోజున ఉపగ్రహం హౌరా మీదుగా వస్తున్నదనుకుందాము. చెరువును, పట్టణపు వీథులను సూక్ష్మంగా చూడాలా? లేక హౌరా, హుగ్లీ, మేదినీపూర్ జిల్లాల ముంపును ఒకే పట్టీలో పట్టాలా? ఒకే పయనంలో ఈ రెండూ కుదరవు. ఆ అవకాశం పోతే, అదే కోణంలో అదే స్థలాన్ని మళ్ళీ చూడటానికి రీశాట్-1 కు 25 రోజులు పట్టేది. ఉపగ్రహాన్ని రెండవ ప్రక్కకు వాల్చి చూస్తే వ్యవధి కొంత తగ్గించవచ్చు. కాని అట్లా వాల్చినప్పుడల్లా మరొక ప్రాంతపు అభ్యర్థనను వదులుకోవలసి వస్తుంది. రాడార్ ఉపగ్రహ నిర్వహణలో అత్యంత బాధ్యతాయుతమైన పని ఈ ఎంపికయే. ఇది యంత్రం తనంతట తాను చేసే నిర్ణయం కాదు. రైతు, రక్షణాధికారి, అటవీశాఖ, జిల్లా కలెక్టరు వీరందరి అవసరాలను తూచి, ఏది ముందో తేల్చే మానవ నిర్ణయం.

కక్ష్య నుండి కలెక్టరు బల్ల వరకు

నిర్ణయం జరిగిన పిమ్మట పని అనేక నగరాల మీదుగా సాగుతుంది. పరిశీలనా ప్రణాళిక హైదరాబాదులోని జాతీయ దూర సంవేదన కేంద్రంలో రూపొందుతుంది. 1970 దశకంలో సంస్థగా ఆరంభమై, 2008లో భారత అంతరిక్ష పరిశోధన సంస్థలో కేంద్రంగా మారినది ఇదే. ఉపగ్రహానికి ఆదేశాలు బెంగళూరులోని గమన పరిశీలక, ఆదేశ జాల కేంద్రం నుండి వెళతాయి. దానికి లక్నో, పోర్ట్ బ్లెయిర్, మారిషస్ మొదలైన చోట్ల కేంద్రాలు ఉన్నాయి. ఏ సెకనులో రాడార్‌ను వెలిగించాలి, ఏ వైపు ఎంత వాలాలి, ఏ ధ్రువణంలో పంపాలి, ఎప్పుడు ఆపాలి అన్న వివరాలన్నీ ఆ ఆదేశాలలో ఉంటాయి.

ఉపగ్రహం సేకరించిన సమాచారాన్ని షాద్‌నగర్‌లోని పెద్ద ఆంటెన్నాలు అందుకుంటాయి. ఉపగ్రహం ఆ కేంద్రానికి కనిపించేది ఒక్కొక్కసారి పది, పన్నెండు నిమిషాలకు మించదు. అందుచేత అంటార్కిటికాలోని భారతీ కేంద్రం వద్ద కూడా ఒక భూకేంద్రాన్ని 2013లో నెలకొల్పారు. ధ్రువప్రాంతాల మీదుగా పోయే ఉపగ్రహాలు ప్రతి పరిభ్రమణంలోను దాదాపుగా అక్కడికి వస్తాయి. 1978లో సీశాట్‌కు లేని సౌకర్యం ఇదే.

షాద్‌నగర్‌లో ప్రతిధ్వనుల చిట్టా చిత్రంగా మారుతుంది. తెల్లదనం ఎంత ఉంటే శక్తి ఎంత అన్న కొలత నిక్కచ్చిగా ఉండాలి. దీనికోసం మూడు లోహఫలకాలను మూలగా బిగించిన పరావర్తకాలను నేలపై నిలుపుతారు. వాటి నుండి ఎంత శక్తి మరలాలో గణితం ముందే చెబుతుంది. చిత్రంలో కనిపించినది దానితో సరిపోలకపోతే రాడార్‌ను సరిచేస్తారు. దక్షిణ అమెరికాలోని అమెజాన్ అడవి ఋతుభేదం పెద్దగా లేక ఒకే తీరుగా ప్రతిధ్వనిస్తుంది కనుక దానిని కూడా ఒక కొలబద్దగా వాడతారు.

ఆ మీదట ముంపు పటం తయారవుతుంది. వరదకు ముందటి చిత్రంలోని నీటిని తరువాతి చిత్రంలోని నీటి నుండి తీసివేస్తే మిగిలేది ముంపు. నదులు, చెరువులు ఎప్పుడూ ఉండే నీరు. పొలాల్లో, ఊళ్ళలో కొత్తగా నల్లబడినది వరద నీరు. ఈ పటాలు రాష్ట్ర ప్రభుత్వాలకు చేరుతాయి. తూర్పు రాష్ట్రాల అవసరాలకు జాతీయ దూర సంవేదన కేంద్రపు ప్రాంతీయ శాఖ కోల్‌కతాలో పనిచేస్తున్నది. అంతకుముందు అది తెలుగు రైల్వే కుటుంబాలు తరతరాలుగా స్థిరపడిన ఖరగ్‌పూర్‌లో ఉండేది. పెను విపత్తులలో ఇతర దేశాల ఉపగ్రహాలు కూడా సాయపడతాయి. అందుకోసం ఏర్పడిన అంతర్జాతీయ ఒడంబడికలో భారత అంతరిక్ష పరిశోధన సంస్థ 2001 నుండి సభ్యత్వం వహిస్తున్నది.

భారతదేశపు రాడార్ ఉపగ్రహాలు

మనదేశం నడిపిన మొదటి రాడార్ ఉపగ్రహం రీశాట్-2. 2009 ఏప్రిల్ 20న శ్రీహరికోట నుండి దీనిని ప్రయోగించారు. సుమారు 300 కిలోల బరువు గల దీనిలోని రాడార్ ఇజ్రాయిల్‌లో తయారైనది. స్వదేశంలో రూపొందిన రాడార్‌తో రీశాట్-1 2012 ఏప్రిల్ 26 తెల్లవారుజామున పి.ఎస్.ఎల్.వి.-సి19 రాకెట్టుపై బయలుదేరింది. 1,858 కిలోల ఆ ఉపగ్రహపు రాడార్‌ను అహమదాబాదులోని అంతరిక్ష అనువర్తన కేంద్రం అభివృద్ధి చేసింది. 5 సంవత్సరాల ఆయుష్షుతో రూపొందిన రీశాట్-1 సేవలు ముగిసిన తరువాత, 2022 ఫిబ్రవరి 14న ఇ.ఓ.ఎస్.-04 దాని స్థానాన్ని భర్తీ చేసింది. ఈ లోగా 2019, 2020 సంవత్సరాలలో పొట్టి తరంగాలను వాడే మరికొన్ని చిన్న రాడార్ ఉపగ్రహాలు కూడా వెళ్ళాయి.

ఈ దారిలో నష్టాలు లేకపోలేదు. 2025 మే 18న ఇదే కోవకు చెందిన ఇ.ఓ.ఎస్.-09ను తీసుకొనిపోయిన పి.ఎస్.ఎల్.వి.-సి61 రాకెట్టు మూడవ దశలో విఫలమై, ఉపగ్రహం కక్ష్యకు చేరలేదు. విదేశాలకు కూడా ఇటువంటి అనుభవాలు ఉన్నాయి. ఐరోపా అంతరిక్ష సంస్థ 2016లో ప్రయోగించిన సెంటినెల్-1బి విద్యుత్ లోపం వల్ల 2021 డిసెంబరులో నిలిచిపోయింది. జంట ఉపగ్రహాలలో ఒకటి పోవడంతో అనేక ప్రాంతాలను చూచే వ్యవధి పెరిగింది. దానికి బదులు మరొకటి 2024 డిసెంబరులో గాని వెళ్ళలేదు. దీనికి విరుద్ధంగా కెనడా దేశపు రాడార్‌శాట్-1 1995 నుండి 2013 దాకా పనిచేసి చిరాయువు అనిపించుకున్నది. ఏ దేశమైనా ఒక్క ఉపగ్రహంపైననే ఆధారపడి వరద కాలాన్ని ఎదుర్కోలేదని ఈ అనుభవాలు చాటుతున్నాయి.

2025 జూలై 30న శ్రీహరికోట నుండి జి.ఎస్.ఎల్.వి.-ఎఫ్16 ద్వారా వెళ్ళిన నైసార్ భారత, అమెరికా దేశాల ఉమ్మడి ఉపగ్రహం. బరువు 2,392 కిలోలు. ఇందులో రెండు రాడార్లు ఉన్నాయి. నాసా ఇచ్చిన రాడార్ తరంగం పొడవు సుమారు 24 సెంటీమీటర్లు. భారత అంతరిక్ష పరిశోధన సంస్థ ఇచ్చినదాని పొడవు సుమారు 9 సెంటీమీటర్లు. 12 మీటర్ల వ్యాసం గల జాలీ పరావర్తకం అంతరిక్షంలో గొడుగు వలె విచ్చుకున్నది. ప్రతి 12 రోజులకు ఒకసారి అదే మార్గంలోకి వచ్చే ఈ ఉపగ్రహం 240 కిలోమీటర్ల వెడల్పును సూక్ష్మ వివరంతోనే చూడగలదు. వెడల్పు, వివరం ఒకదానికొకటి అడ్డు వచ్చే పాత చిక్కు దీనితో చాలావరకు సడలింది. భారతీయ రాడార్ 2025 ఆగస్టు 19న తీసిన తొలి చిత్రాలలో గోదావరి డెల్టా ఉన్నది. అందులో మడ అడవులు, పంటపొలాలు, చేపల చెరువులు వేర్వేరుగా గుర్తింపబడ్డాయి.

పొడవైన తరంగాలు ఆకులను దాటి కొమ్మలను, కాండాన్ని, చెట్ల క్రింద నిలిచిన నీటిని తాకగలవు. రెండు తేదీల ప్రతిధ్వనులలోని దశాభేదాన్ని లెక్కించి నేల కొద్ది సెంటీమీటర్లు క్రుంగినా తెలుసుకోవచ్చు. బెంగాల్‌లోని రాణీగంజ్ బొగ్గు గనుల వంటి చోట్ల ఈ విద్య ఎంతో ఉపయుక్తం.

ఎరుగవలసిన పరిమితులు

రాడార్ చిత్రాన్ని ప్రమాణంగా తీసుకునేవారు దాని లోపాలను కూడా ఎరిగి ఉండాలి. చిత్రమంతటా రవ్వ చల్లినట్లు చుక్కలు ఉంటాయి. ఒక గడిలోని అనేక వస్తువుల ప్రతిధ్వనులు పరస్పరం హెచ్చించుకోవడం, రద్దు చేసుకోవడం వల్ల ఇవి ఏర్పడతాయి. వాటిని తగ్గించడానికి ప్రక్క గడులను సగటు చేస్తే వివరం కొంత పోతుంది. తుఫాను గాలికి అలలు లేచిన నీరు నల్లగా గాక తెల్లగా కనిపించి, నేల అని భ్రమింపజేస్తుంది. పట్టణాలలో వరద నీరు మరీ మోసం చేస్తుంది. ఇళ్ళ నడుమ నీరు నిలిస్తే తరంగం నీటి నుండి గోడకు, గోడ నుండి ఉపగ్రహానికి మరలి ఆ వీథి మరింత తెల్లబడవచ్చు. ఎత్తయిన భవనాల వెనుక నీడలో ఉన్న సందులు అసలే కనిపించవు. కనుక హౌరా వంటి ఇరుకు పట్టణంలో పొలాల వరదను గుర్తించినంత సులభంగా వీథుల వరదను గుర్తించలేరు. అక్కడ నేలమీది మనుషుల నివేదికలే ఆధారం.

సంత్రాగాఛి చెరువు విషయంలోను ఇంతే. గుర్రపుడెక్క ఎంత మేర కమ్మిందో రాడార్ చెప్పగలదు. నీటిలో ఎంత మురికి కలిసిందో చెప్పలేదు. ఎన్ని పక్షులు వచ్చాయో చెప్పలేదు. ప్రతి శీతకాలంలోను గట్టున నిలిచి పక్షులను లెక్కించేవారి పట్టికను, వానకాలమంతా మేఘాల మీదుగా తీసిన చిత్రాలను పక్కపక్కన పెట్టి చూచినప్పుడే, గుర్రపుడెక్కను ఎప్పుడు, ఎంత మేర తొలగించాలన్నది హేతుబద్ధంగా తేలుతుంది.

రాడార్ చిత్రాలలో అనేకం నేడు విద్యార్థులకు సైతం అందుబాటులో ఉన్నాయి. జాతీయ దూర సంవేదన కేంద్రపు ‘భూనిధి’ ద్వారా ఇ.ఓ.ఎస్.-04 చిత్రాలను, ఐరోపా సంస్థ ద్వారా సెంటినెల్ చిత్రాలను పొందవచ్చు. భౌతికశాస్త్రం చదివేవారు తరంగాన్ని, భూగోళశాస్త్రం చదివేవారు నదిని, గణితం చదివేవారు గణనను అందులో చూడగలరు. తమ ఊరి చెరువును ఎంచుకొని, జూన్ నెల చిత్రాన్ని అక్టోబరు చిత్రంతో పోల్చి, ఆ తరువాత గట్టు వెంబడి నడిచి సరిచూచుకొనడం ఏ కళాశాలకైనా సాధ్యమయ్యే అభ్యాసం. పటంలో నల్లగా ఉన్నచోట నిజంగా నీరు ఉన్నదా అని నేలమీద నిలిచి చూచే అలవాటు రాడార్ ఉపగ్రహ నిర్వహణలో చివరి మెట్టు. మొదటి మెట్టుకంటె అది తక్కువైనది కాదు.